24 గుంటల పార్కు జాగా, ఆరు నెలల తిరుగుడు

మా ఊరి పేరు రాయను. కేసు నడుస్తోంది, పైగా ఇందులో ఉన్నవాళ్ళంతా రోజూ ఎదురుపడే మనుషులే. తెలంగాణలో 2018 ఆగస్టులో ఒకేసారి పదుల కొద్దీ పంచాయతీలను మున్సిపాలిటీలు చేశారు కదా, అందులో ఒకటి అనుకోండి. ఊరేం పెద్దది కాలేదు. బోర్డు మారింది, ఇంటిపన్ను పెరిగింది, సెక్రటరీ కూర్చునే కుర్చీలో కమిషనర్ కూర్చున్నాడు. నేను ఇక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఆఫీసుల చుట్టూ తిరిగే అలవాటు లేదు, ఓపిక అంతకన్నా లేదు.

2025 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికొస్తే మా కాలనీ మధ్యలో ఉన్న ఖాళీ జాగాలో జేసీబీ సర్కారు తుమ్మ పీకుతోంది. పక్కన ట్రాక్టర్ నిండా సిమెంటు కడీలు, అదే కంచె స్తంభాలు. నిజం చెప్పాలంటే మొదట సంతోషమే వేసింది, మున్సిపాలిటీ వాళ్ళు ఇన్నాళ్ళకు శుభ్రం చేస్తున్నారనుకున్నా. దగ్గరికెళ్ళి అడిగితే కడీల దగ్గర నిలబడ్డ మనిషి, "మా జాగల కడీలు పాతుకుంటున్నం సార్" అన్నాడు.

"ఇది పార్కు జాగ కదన్నా."

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఏది సార్ పార్కు? నాకైతే చెత్తకుప్ప కనబడుతున్నది."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ చెత్తలో మా ఇంటిది కూడా ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పగిలిన టైల్స్ రెండు తట్టలు నేనే తీసుకెళ్ళి అక్కడ పోశాను.

మా కాలనీ 1996లో వేసిన వెంచర్. ఆరెకరాలు. అప్పట్లో డీటీసీపీ (లేఅవుట్లకు అనుమతిచ్చే ప్రభుత్వ శాఖ) గీటీసీపీ అని ఎవరూ అడగలేదు, పంచాయతీ ముద్ర ఉన్న ఒక లేఅవుట్ కాగితం చూపించి ప్లాట్లు అమ్మారు. ఆ కాగితం మధ్యలో ఒక పెద్ద డబ్బా గీసి లోపల పార్కు అని చేత్తో రాశారు. లేఅవుట్ చేసినప్పుడు పదో వంతు ఖాళీగా వదలాలన్నది పాత లెక్క. ఆరెకరాలంటే 240 గుంటలు, పదో వంతు 24 గుంటలు, గజాల్లో 2,904. ఇది నేను ఆ రోజు కాలనీ గ్రూపులో లెక్క కట్టి పెట్టాను. రాత్రికల్లా రెండొందల మెసేజీలు వచ్చాయి. ధర్నా చేద్దామన్నారు, మీడియాను పిలుద్దామన్నారు, కోర్టుకు పోదామన్నారు. సోమవారం పదిన్నరకు మున్సిపల్ ఆఫీసు ముందు నిలబడింది ముగ్గురం. నేను, ఎదురింటి రిటైర్డ్ కండక్టర్, కిరాణా షాపు నడిపే అక్క.

ముందు మా వార్డు కౌన్సిలర్ దగ్గరికే వెళ్ళాం. ఆయన చాయ్ ఇచ్చి, "నేను మాజీని సార్, నా సంతకానికి ఇప్పుడు రూపాయి విలువ లేదు" అన్నాడు. అప్పటిదాకా మా ముగ్గురిలో ఎవరికీ అది తట్టలేదంటే నమ్ముతారా. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల ఐదేళ్ళ గడువు 2025 జనవరితో అయిపోయింది, స్పెషల్ ఆఫీసర్ల పాలన వచ్చింది. గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగంలోనే ఉంది, 74వ సవరణతో వచ్చిన 243-యు. ఉంటే ఏం, అప్పుడు మా వార్డుకు అడిగే మనిషి లేడు. స్పెషల్ ఆఫీసర్‌గా ఉన్న అడిషనల్ కలెక్టర్ మా ఊరికి ఎప్పుడొస్తారో అటెండర్‌కు కూడా తెలిసేది కాదు. (ఇంకో సంగతి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, పెద్దవయసు వాళ్ళు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు ఉండాలి, కమిటీకి 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మా కండక్టర్ గారు తాను పెద్దల కమిటీలో మెంబర్‌నని ఐదేళ్ళ తర్వాత ఆ రోజే తెలుసుకున్నారు.)

కమిషనర్ చెడ్డవాడేం కాదు. వయసు ముప్పై ఐదు ఉంటుందేమో, మాట మర్యాదగానే ఉంది. అంతా విని, "పార్కు అని మా రికార్డులో ఉంటే రేపే పీకిస్తా సార్. ఉందా?" అన్నాడు.

"మీ రికార్డు మీకే కదా సార్ తెలియాల్సింది."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు, ఇబ్బంది ఉంది. పంచాయతీ నుంచి మున్సిపాలిటీకి మారినప్పుడు పన్నుల రిజిస్టర్లు వచ్చాయట, మిగతావి ఎక్కడున్నాయో తెలియదట. టౌన్ ప్లానింగ్ ఆఫీసర్‌ను కలవమన్నాడు. ఆయన రెండు మున్సిపాలిటీలకు ఇన్‌చార్జి, మాకు మంగళవారం, శుక్రవారం. ఆ రెండు రోజుల్లోనే నాకు క్లాసులు ఎక్కువ.

మొదటి నెల ఎలా గడిచిందో రాస్తే మీకూ విసుగే. ఒక్కటి మాత్రం నేర్చుకున్నా. నోటితో ఎంత చెప్పినా గాలికి పోతుంది. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకటి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోవాలి. మొదటి మూడు సార్లు నేను ఒక్క కాపీయే ఇచ్చి వచ్చాను, ఆ మూడూ ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. ముద్ర ఉన్న నాలుగోది మాత్రం ఫైల్లో దొరికింది.

తర్వాత సమాచార హక్కు. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, కోపంగా ఒక పేజీన్నర రాశాను. ఆక్రమణదారుల మీద ఇంతవరకు ఎందుకు చర్య తీసుకోలేదు, దీనికి బాధ్యులెవరు, ఇలా. జవాబు రెండు లైన్లు. "ఎందుకు" అనేది సమాచారం కిందికి రాదట. తిట్టుకున్నాను గానీ వాళ్ళు చెప్పింది నిజమే, చట్టం కాగితం ఇస్తుంది గానీ సంజాయిషీ ఇవ్వదు. రెండోసారి బుద్ధిగా రాశాను. ఫలానా సర్వే నంబర్ లేఅవుట్ కాపీ, మున్సిపాలిటీకి దఖలు పడ్డ ఖాళీ జాగాల జాబితా, 1996 నుంచి 2000 వరకు పంచాయతీ తీర్మానాల పుస్తకాలు. అవి లేవంటే రికార్డులు నేనే వచ్చి చూసుకుంటానని కూడా చివర్లో రాశాను. ఆ మాట రాయమని సలహా ఇచ్చింది మా కాలేజీలో సివిక్స్ చెప్పే ఆయన. చట్టంలో 2(జె) అని ఒకటుందట, కాపీ ఇవ్వడమే కాదు, రికార్డు కళ్ళారా చూసే హక్కు కూడా ఉంది, మొదటి గంటకు ఫీజు కూడా లేదు. ముప్పై రోజుల గడువుంటే ఇరవై తొమ్మిదో రోజు జవాబొచ్చింది. "రికార్డు లభ్యం కాలేదు. పాత పంచాయతీ భవనంలోని రికార్డులను పరిశీలించుకొనవచ్చును."

అది వచ్చేలోపు నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) తీయించాను. మా సర్వే నంబరు మీద, ముప్పై ఏళ్ళకు. అందులో మా ప్లాట్లన్నీ ఉన్నాయి గానీ ఆ జాగా అమ్మినట్టు ఎక్కడా లేదు. అంటే కడీలు పాతినవాడి దగ్గర కాగితమే లేదన్నమాట! రెండు రోజులు గాల్లో తేలాను. మూడో రోజు అదే ఆఫీసు ముందు చాయ్ తాగుతుంటే ఒక డాక్యుమెంట్ రైటర్ నా ఈసీ చూసి, "సార్, ధరణిల చూసిన్రా?" అన్నాడు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత పంచాయతీ వెంచర్లలో ఇళ్ళున్న ప్రతివాళ్ళకూ ఇది పనికొస్తుంది. మాకు ప్లాట్లు అమ్మినాయన ఆరెకరాల పట్టాదారు. 1996లో గజాల లెక్కన మొత్తం అమ్మాడు. కానీ రెవెన్యూ రికార్డులో భూమి వ్యవసాయ భూమిగానే, ఆయన పేరు మీదే ఉండిపోయింది. ప్లాట్లు కొన్నవాళ్ళం ఎవరం దాన్ని పట్టించుకోలేదు, మా చేతిలో రిజిస్టర్డ్ కాగితం ఉంది కదా అని ధీమా. ఆయన పోయాడు. 2020లో ధరణి అనే ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ వచ్చింది, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసుకు మారింది. ఆయన కొడుకుల పేర్ల మీద పాసుబుక్కు వచ్చింది. ఇళ్ళున్న చోట వాళ్ళు ఏమీ చేయలేరు, మనుషులు కాపురాలు ఉంటున్నారు. ఖాళీగా కనిపించింది పార్కు ఒక్కటే. 2023లో దాన్ని 24 గుంటల చేను అని చెప్పి తహసీల్దార్ ఆఫీసులో ఆ కడీలాయనకు అమ్మేశారు. అది సబ్ రిజిస్ట్రార్ ఈసీలో రాదు. ఇప్పుడు ధరణి పోయి భూభారతి వచ్చిందంటున్నారు గానీ అందరి నోటా ఇంకా ధరణే.

కాబట్టి పాత వెంచర్లో ఉన్నవాళ్ళు రెండు చోట్లా చూసుకోండి, ఒక్క ఈసీతో తృప్తి పడకండి.

ఇంకో లెక్క కూడా వేశాను, అలవాటు మరి. రైతుబంధు ఎకరాకు పంటకు 5 వేలు ఇచ్చిన రోజుల్లో 24 గుంటలకు 3 వేల రూపాయలు అవుతుంది. పాసుబుక్కు ఉంది కాబట్టి పడే ఉంటుంది. పిల్లలు ఒక్కనాడూ ఆడని పార్కుకు, ఒక్క గింజ పండని పార్కుకు పెట్టుబడి సాయం. మా కండక్టర్ గారు దీనికి అరగంట నవ్వారు.

ఈలోగా కాలనీలో ఇంకొకాయన తన ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కాగితం తెచ్చి చూపించాడు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం కదా అందరం, 2025లో 25 శాతం రాయితీ ఇస్తామంటే మార్చిలోపు ఎగబడి కట్టేశాం. అందులో ఓపెన్ స్పేస్ చార్జీలు 14 శాతం అని ఒక వరస ఉంది. ఎవరమూ చదవలేదు. ఆ 14 శాతం ఎందుకంటే, లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ జాగా వదలలేదు కాబట్టి దానికి బదులుగా. అంటే మా కాలనీలో పార్కు లేదని మేమే డబ్బు కట్టి ఒప్పుకున్నట్టు! అవతలి లాయర్ తర్వాత కోర్టులో పట్టుకున్నది కూడా సరిగ్గా ఇదే. ఆఫీసు వాళ్ళు అందరికీ ఒకే లెక్క వేశారు, మేం రాయితీ చూశాం గానీ వరస చూడలేదు. లెక్కల మాస్టార్ని, నాదీ అదే తీరు.

పాత పంచాయతీ భవనం ఇప్పుడు పారిశుధ్య కార్మికుల గది. చీపుర్లు, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, వెనక గదిలో పాత సామాను. అక్కడికి నేను ఒక్కడినే వెళ్ళుంటే ఏమీ దొరికేది కాదు. అప్పట్లో పంచాయతీలో కారోబార్‌గా, అంటే పన్నులు, లెక్కలు చూసే గుమాస్తాగా చేసిన పెద్దాయన ఒకరు ఊళ్ళోనే ఉన్నారు, మోకాళ్ళ నొప్పులు, అయినా బండి వెనక కూర్చుని వచ్చారు. గదిలోకి అడుగుపెట్టగానే, "పన్నుల బుక్కులు ఎర్ర బట్టల కట్టేది, తీర్మానాలవి తెల్ల బట్టల. తెల్లది ఎతుకు బిడ్డా" అన్నారు. తెల్లది ఏదీ తెల్లగా లేదు. మూడు గోనె సంచులు దులిపాం. ఎలుకలు కొట్టేసినవి కొన్ని, చెమ్మకు అట్టల్లా అతుక్కుపోయినవి కొన్ని. మాతో కూర్చోబెట్టిన జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి మొదట ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, గంట తర్వాత తనే చున్నీ ముక్కుకు కట్టుకుని మూటలు విప్పడం మొదలుపెట్టింది.

దొరికింది. 1998 నాటి పుస్తకం, ఒక పక్క అంచు చెదలు తినేసింది. నీలం సిరా. ఫలానా కాలనీ పార్కు స్థలములో చేతిపంపు బోరు వేయుటకు సభ ఆమోదించడమైనది. కింద సర్పంచ్ సంతకం, తొమ్మిది మంది వార్డు మెంబర్లలో ఐదుగురివి సంతకాలు, నలుగురివి వేలిముద్రలు. ఆ వేలిముద్రల్లో ఒకటి సిరా ఎక్కువై పేజీ మీద అలికిపోయింది. కారోబార్ దాన్ని చూసి, "ఈమె మా మేనత్త" అన్నారు, ఇంకేం మాట్లాడలేదు కాసేపు.

చేతిపంపు! ఆ బోరింగు అక్కడే ఉంది. హ్యాండిల్ ఎవరో ఎత్తుకెళ్ళారు, గద్దె, పైపు తుమ్మల్లో మిగిలాయి. చిన్నప్పుడు ఆ బోరింగు దగ్గర నీళ్ళు పట్టామని మా కాలనీలో సగం మంది చెప్తారు. సర్కారు సొమ్ముతో బోరు వేసిన చోటు చేను ఎలా అవుతుంది?

రెండో ఆధారం మా బీరువాల్లోనే ఉంది. జాగా చుట్టూ ఉన్న ప్లాట్ల దస్తావేజుల్లో చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) చూడమని మేం పెట్టుకున్న లాయరు చెప్పాడు. పార్కుకు ఆనుకుని పద్నాలుగు ప్లాట్లు. తొమ్మిది కాగితాలు సంపాదించాం. మూలమీది ఇంటి అవ్వ ట్రంకు పెట్టె మంచం కింద నుంచి లాగించి, పెళ్ళి చీర మడతల్లో నుంచి కాగితం తీసింది. ముందు నా చేతికివ్వలేదు, "సదువు, ఇంటా" అంది. చదివాను. ఉత్తరం: 25 అడుగుల రోడ్డు. దక్షిణం: ప్లాటు నంబర్ 31. పడమర: ప్లాటు నంబర్ 42. తూర్పు: పార్కు కొరకు విడిచిన జాగ. అమ్మినవాడి సంతకం ప్రతి పేజీ మీదా ఉంది. కొడుకులు చేను అంటున్నదాన్ని తండ్రి తొమ్మిది చోట్ల పార్కు అని రాసి సంతకం చేశాడు. అవ్వ మళ్ళీ ఒకసారి చదివించుకుని కాగితం మడత పెట్టేసింది. జిరాక్స్ తీయడానికి కూడా ఇవ్వకపోతే ఫోన్‌లో ఫొటో తీసుకుని, తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీయించాం.

మిగతా ఐదుగురిలో ఇద్దరు హైదరాబాద్‌లో ఉన్నారు. ముగ్గురు ఇవ్వనన్నారు. ఎందుకో మాకు సర్వే రోజు అర్థమైంది.

కాగితాలన్నీ పట్టుకుని ఒక సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి కూడా వెళ్ళాం. మూడు గంటలు లైను, రెండు నిమిషాలు మాట. అర్జీ తిరిగి మా కమిషనర్‌కే వచ్చింది, తగు చర్య నిమిత్తం అని. అయినా వెళ్ళడం దండగ కాలేదు, ఈసారి దానికి పైనుంచి వచ్చిన నంబరు ఉంది కాబట్టి జవాబు రాయక తప్పలేదు. వారంలో సర్వేకి డేట్ ఇచ్చారు.

సర్వేయర్ వచ్చి కొలిచాడు. పొద్దున తొమ్మిదికి మొదలై రెండింటిదాకా. కాలనీ మొత్తం గోడల మీద నుంచి చూస్తున్నారు, కడీలు పాతినాయన కూడా వచ్చి ఒక పక్క నిలబడ్డాడు. అంతా అయ్యాక సర్వేయర్ కాగితం మీద లెక్క వేసి నాకేసి చూశాడు. "సార్, 24 గుంటలు లేదు. 19 ఉంది."

ఐదు గుంటలు, 605 గజాలు, మేమే తిన్నాం. ఒకరు ప్రహరీ ఎనిమిది అడుగులు జరిపారు, ఒకరు బర్రెల పాక వేశారు, ఒకరు సెప్టిక్ ట్యాంకు కట్టారు. కాగితాలివ్వని ముగ్గురూ అందులో ఉన్నారు. పార్కు పక్క రోడ్డు 25 అడుగులు ఉండాల్సింది, ఒక చోట 21 దాటలేదు. ఆ చోట మా ఇల్లుంది. కారు ఎక్కడానికి నేను కట్టించిన ర్యాంపు మూడున్నర అడుగులు రోడ్డు మీదే ఉంది. సర్వేయర్ దాని మీద సుద్దతో గీత గీస్తుంటే మా ఆవిడ గేటు దగ్గర నిలబడి చూస్తోంది. కడీలాయన ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదేమో.

కమిషనర్ సాయంత్రం పిలిచి ఒకటే మాట చెప్పాడు. "వాళ్ళవి పీకితే, మీవి కూడా పీకాలి. ఒకవైపే చేస్తే నేను ఇరుక్కుంటా." న్యాయమైన మాటే, కానీ ఆ రాత్రి కాలనీ మీటింగ్ రణరంగమైంది. పాక ఉన్నాయన, "పార్కు పోతే పోనీ, నా బర్రెలు యాడ కట్టుకోవాలె?" అన్నాడు. ప్రహరీ ఆయన అసలు రాలేదు. ఇంకొకాయన లేచి, "ఇంత గెలికింది సారే, ముందు సార్ ర్యాంపు తీయమనుండ్రి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి తిట్లు తిట్లు తిట్టుకున్నాను. మర్నాడు శనివారం ఇద్దరు మనుషుల్ని పిలిచి ర్యాంపు కొట్టించాను. కారు ఇప్పటికీ బయటే ఉంటోంది. వారం తిరిగేలోపు పాక తీసేశారు, ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు మెట్లు, గట్లు తీసేశారు. ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు అలాగే ఉన్నాయి, నోటీసులు అందాయి.

ఈలోగా కొనుక్కున్న ఆ కడీలాయన కోర్టుకెళ్ళి, తనను ఎవరూ అడ్డుకోకుండా ఇంజక్షన్ ఆర్డర్ అడిగాడు. మున్సిపాలిటీ లాయర్ కౌంటర్ వేశాడు, మేం కూడా పార్టీలుగా చేరాం. కోర్టు స్టేటస్ కో ఇచ్చింది, ఉన్నది ఉన్నట్టు ఉంచమని. మా లాయర్‌కు పాత కేసులు చెప్పడం సరదా. బెంగళూరులో పార్కుకని వదిలిన జాగాను ముఖ్యమంత్రి ఆదేశంతో ఒక ప్రైవేటు ఆసుపత్రి ట్రస్టుకిస్తే, అక్కడి జనం కోర్టుకెక్కితే, 1991లో సుప్రీంకోర్టు కుదరదు పొమ్మందట. ముద్దప్ప కేసంటారు దాన్ని. "ఆసుపత్రి మంచిదే కద సార్ అన్నా ఒప్పుకోలే" అని చెప్పి మురిసిపోతాడు. ఫెన్సింగ్ వేయడానికి ఫండ్స్ లేవని మున్సిపాలిటీ అన్నప్పుడు ఇంకో కేసు తీశాడు. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊళ్ళో మురుక్కాలువలు కట్టమంటే మున్సిపాలిటీ డబ్బు లేదందట, 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదన్నారట. 2019 చట్టం ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలి కూడా. అంతా బానే ఉంది, కానీ స్టేటస్ కో అంటే మాకూ స్టేటస్ కోనే. ఫెన్సింగ్ వేయడానికి లేదు, మొక్క నాటడానికి లేదు. చెత్త ఎత్తడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరని లాయర్ అన్నాడు. రెండు ఆదివారాలు ఎత్తాం. నా టైల్స్ నేనే ఏరుకున్నా, డిజైన్ చూసి గుర్తుపట్టి.

ఇది రాస్తున్నది 2025 డిసెంబర్‌లో. అక్కడ పార్కేం లేదు. కడీలు సగం ఉన్నాయి, సగం ఒరిగాయి. 'ఇది మున్సిపాలిటీ స్థలం' అన్న బోర్డు ఒకటి పెట్టారు, అది కూడా స్టేటస్ కో ఇచ్చే ముందు రోజు సాయంత్రం హడావుడిగా. తీర్మానం పేజీ సర్టిఫైడ్ కాపీ కోర్టులో ఉంది. అసలు పుస్తకాన్ని ఆ జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి కమిషనర్ గది బీరువాలో పెట్టించింది, అది నేను అడగలేదు, తనే చేసింది. పిల్లలు మాత్రం చదునైన చోట క్రికెట్ మొదలుపెట్టారు, బోరింగు గద్దె వాళ్ళకు వికెట్లు.

పోయిన వారం కాలేజీ నుంచి వస్తుంటే ఆ గద్దె మీద కొనుక్కున్నాయన కూర్చుని ఉన్నాడు. ఒక్కడే. బండి ఆపాలా వద్దా అనుకుంటూనే ఆపాను. పక్క మండలం మనిషి, రెండెకరాల పొలం అమ్మి దీన్ని కొన్నాడని లాయర్ ఎప్పుడో చెప్పాడు, నేను వినీ విననట్టు ఉన్నాను. కాసేపు ఇద్దరం పిల్లల ఆట చూశాం. తర్వాత ఆయనే అన్నాడు.

"సార్, ఆ తీర్మానం కాయితం జిరాక్స్ నాకొకటి ఇయ్యున్రి."

"కోర్టులో ఉంది కదా, మీ లాయర్‌కు కూడా ఇచ్చారు."

"ఆయన సూపిస్తలేడు. నాకు అమ్మినోళ్ళ మీద కేసు ఏసుకుంట. వాళ్ళ నాయిన సంతకాలు ఉన్నయట కద, అవి కూడ ఉంటె ఇయ్యున్రి."

ఫైలు బండి డిక్కీలోనే ఉంది, ఆరు నెలలుగా అదే దాని చోటు. ఇద్దరం కిరాణా అక్క షాపు పక్కన ఉన్న జిరాక్స్ సెంటర్‌కి నడిచాం. తీర్మానం ఒక పేజీ, తొమ్మిది దస్తావేజుల్లో చెక్కుబందీ పేజీలు తొమ్మిది. డబ్బులు నేనిస్తానంటే వద్దని ఆయనే ఇచ్చాడు.